మెట్ల పాట, మొదటి చరణం

మా వదిన గొంతు బస్‌స్టాండులో పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటుంది. "ప్రయాణికులకు మనవి. మూడో నంబరు ప్లాట్‌ఫారానికి రావలసిన బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది." ఒకప్పుడు అక్కడ మైకులో ప్రకటనలు చదివే ఉద్యోగం ఆవిడది. పన్నెండేళ్ళ కిందట ఒక కంపెనీ వాళ్ళు ఆవిణ్ణి అద్దాల గదిలో నాలుగు రోజులు కూర్చోబెట్టి, అంకెలు, ఊళ్ళ పేర్లు, నిమిషాలు, క్షమాపణలు అన్నీ విడివిడిగా చెప్పించుకుని రికార్డు చేసుకున్నారు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఐదో రోజునుంచి మైకు ముందు మనిషితో పని లేకపోయింది. మనిషిని ఇంటికి పంపి గొంతును ఉంచుకున్నారు.

ఆవిడ మా ఆయనకు అక్క. ఆ రోజునుంచి ఆ బస్‌స్టాండులో అడుగు పెట్టలేదు. ఎక్కడికైనా వెళ్ళాలంటే రెండు స్టాపులు నడిచి అవతల ఎక్కుతుంది. "బస్సు ఆలస్యమని నాకు నేనే చెప్పుకుంటుంటే విని ఊరుకోవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా?" అనేది.

ఆ గొంతులోనే పుండు లేచింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు స్వరపేటిక తీసేయాలన్నాడు. గురువారం ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్. ఆ తర్వాత ఊపిరి ఉంటుంది, తిండి ఉంటుంది, మాట ఉండదు.

"పాట?" అని అడిగింది వదిన.

డాక్టరు తన ముందున్న కాగితం సర్దుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుంది. ఆ చెప్పులవైపు చూస్తూ అంది: "అయితే ఇక లోకంలో నా గొంతు మిగిలేది ఆ బస్‌స్టాండులోనే అన్నమాట."

ఆ మాట మా కోడలు వింది. నేనూ విన్నాను.

నేను మెట్లు తుడుస్తాను. నాలుగు భవనాలు, ఒక్కోటి ఆరంతస్తులు. ఉద్యోగం పోయాక, మా ఆయన కూడా పోయాక, వదిన మా ఇంటికి వచ్చేసింది. ఇంట్లో ఒక్కతే కూర్చోలేక నాతో పాటు భవనాలకు వచ్చేది. నేను పైనుంచి తుడుచుకుంటూ దిగుతుంటే ఆవిడ ఆరిన మెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. తన పాత ప్రకటనల అట్టలు తెచ్చి నాకు అక్షరాలు నేర్పింది కూడా అక్కడే. ముందు అంకెలు, తర్వాత ఊళ్ళ పేర్లు, ఆ తర్వాత మాటలు. మెట్ల దగ్గర గొంతెత్తితే ఆరంతస్తులూ తిరిగి వస్తుంది. అలా పాడి పాడి ఆవిడే కట్టిన పాట ఒకటి ఉంది. మూడు చరణాలు. మొదటిది ఇది:

పైమెట్టు కడిగితే కిందిమెట్టు తడి
కిందిమెట్టు తుడిస్తే పైమెట్టు పొడి
దిగివచ్చే కాళ్ళన్నీ ఎవ్వరివో ఏమో
ఎక్కిపోయే అడుగుల్లో నా పేరు లేదు.

దాన్ని రికార్డు చేద్దామని అన్నది కోడలే. తను జిరాక్సు షాపులో పనిచేస్తుంది. అక్కడ పాడైందని ఎవరో వదిలేసిన ల్యాప్‌టాప్‌ను బతికించి ఇంటికి తెచ్చుకుంది. దాని మూత ఒక పక్క రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటుంది. అందులో పాటలు రికార్డు చేసే ప్రోగ్రాం పెట్టింది.

"ఎవరిదే ఈ ప్రోగ్రాం? రేపు ఎవరన్నా వచ్చి అడిగితే?" అన్నాను.

"ఎవరూ అడగరు అత్తయ్యా. ఎక్కడెక్కడి వాళ్ళో కూర్చుని రాసి, వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని అందరికీ వదిలేశారు. మెనూల్లో తెలుగు మాటలు పెట్టింది కూడా మనకు తెలియని మనిషే."

తెలుగు మాటలు ఉండబట్టే నేను దాని ముందు కూర్చోగలిగాను.

వదిన ముందుకు వంగింది. "నా పాటని కూడా అలా వదలొచ్చా?"

"వదలొచ్చు పెద్దత్తయ్యా. లైసెన్సు అని ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, ముక్కలు చేసుకోవచ్చు, తమ పాటలో కలుపుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రెండే షరతులు. మీ పేరు చెప్పాలి. వాళ్ళు చేసినదాన్ని కూడా ఇలాగే అందరికీ వదలాలి. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. ఒకసారి ఇచ్చాక, తీసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి లాక్కోలేరు."

"లాక్కోవడానికి ఎవరిస్తారే? మొదటిసారి చదవకుండా సంతకం పెట్టాను. ఈసారి చదివి పెడతాను." ఆ లైసెన్సు మొత్తం కోడలి చేత రెండుసార్లు చదివించుకుంది.

నాకు నచ్చలేదు. "ఎవడో నీ గొంతును పళ్ళపొడి ప్రకటనలో పెట్టుకుంటే?"

"పేరు చెప్పి పెట్టుకుంటాడుగా. పళ్ళు తోముకునేవాళ్ళకన్నా నేనెవరో తెలుస్తుంది."

సోమవారం మొదలుపెట్టాం. మూడో భవనంలో నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య మలుపు దగ్గర. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా అక్కడ జనం ఉండరు, నీళ్ళ మోటారు ఆగి ఉంటుంది. ఆ వేళకి కోడలు షాపులో ఉండాలి కాబట్టి మీటలన్నీ నాకు నేర్పింది. "ఎర్రది నొక్కితే వెలుగుతుంది. వెలిగాక ఇది నొక్కాలి. ఆపడానికి ఇది. మిగతావాటి జోలికి పోకండి." నేను కాగితం మీద రాసుకున్నాను. మిగతావాటి జోలికి పోవద్దన్న మాట మాత్రం రాసుకోలేదు.

ఆ రోజు వదిన మొదటి చరణం ఒక్క పట్టున పాడింది. గొంతులో గరుకు ఉంది కానీ పట్టు తప్పలేదు. సాయంత్రం కోడలి పక్కన కూర్చుని, ఆ ముక్కను ఉన్నది ఉన్నట్టే పాటలు పంచుకునే పేజీలో పెట్టించింది. నేను మండిపడ్డాను.

"పాట పూర్తి కాలేదు. మధ్యలో నీ మాటలున్నాయి, నా బకెట్టు చప్పుడుంది. ఉతకని బట్ట తీసుకెళ్ళి వీధిలో ఆరేస్తారా ఎవరన్నా?"

"నా బట్ట, నా ఇష్టం."

"చూసినవాళ్ళు మెట్లు తుడిచేదాన్ని అంటారు, నిన్ను కాదు."

రాత్రి భోజనాల దగ్గరా సణిగాను, పొద్దున లేచాకా సణిగాను. నా పోరు పడలేక మంగళవారం పొద్దున కోడలు దాన్ని పేజీలోంచి తీసేసింది. వదిన కోపం తెచ్చుకోలేదు. "తీస్తే తీశావు. పట్టుకెళ్ళినవాడు ఈపాటికి పట్టుకెళ్ళే ఉంటాడు" అని నవ్వింది.

మంగళవారం రెండో చరణం, మూడో చరణం. రెండోది రెండుసార్లకు వచ్చింది. మూడోదానికి గొంతు పగిలిపోయింది. పాడటం, మెట్టు మీద కూలబడటం, గుక్కెడు నీళ్ళు తాగడం, మళ్ళీ లేవడం. ఐదోసారి మొత్తం పాడేసి రెయిలింగుకు తల ఆనించింది. "ఇక నా దగ్గర లేదే. ఉన్నదంతా ఇందులో పోసేశాను" అని ల్యాప్‌టాప్ మూత మీద తట్టింది.

ఆ సాయంత్రం కోడలు ముక్కలన్నీ విని, బుధవారం తీరిగ్గా మొదటినుంచీ పేరుద్దామని వాటిని ట్రాకుల మీదినుంచి తీసి పక్కన పెట్టింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

బుధవారం ఏడింటికి ఆస్పత్రినుంచి ఫోను. గొంతులో గొట్టం వేసి ఇంకో పరీక్ష చేయాలి, ఇవాళే వచ్చేయమన్నారు. మా వాడు వదినను బండి మీద తీసుకెళ్ళాడు. నేను ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని పనికి వెళ్ళాను. పాట వెనకాల దరువుగా నా మాపు కర్ర, బకెట్టు చప్పుడు కావాలని వదిన అడిగింది. తిరిగొచ్చేసరికి అది తయారుగా ఉండాలనుకున్నాను.

పదకొండింటికి మలుపు దగ్గర మూత తెరిచాను. తెర మీద పసుపు పట్టీ వచ్చింది. "డిస్కులో చోటు తక్కువగా ఉంది."

చోటు లేకపోతే ఏం చేస్తాం? అడ్డమైనవన్నీ తీస్తాం. నేను రోజూ చేసేది అదే. మెనూలన్నీ కూడబలుక్కుంటూ చదివాను. ఒకచోట "శుభ్రం చేయి" అని ఉంది. దాని కింద "వాడుకలో లేని రికార్డింగులు". నొక్కాను. ఆడియో ఒకటి, ఆడియో రెండు అంటూ ఎనిమిది వరసలు వచ్చాయి. ఏ వరసలోనూ వదిన పేరు లేదు, పాట పేరు లేదు. ట్రాకుల మీద చూస్తే ఖాళీగా ఉంది. వదిన పాట కోడలు ఇంకెక్కడో భద్రంగా పెట్టి ఉంటుంది, ఇవి మా దగ్గులూ తప్పులూ అయి ఉంటాయి అనుకున్నాను. చెత్తబుట్టలోకి పంపాలా అని అడిగింది. అవును అన్నాను.

తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. "చెత్తబుట్ట ఖాళీ చేయాలా? తీసేసినవి మళ్ళీ రావు."

ఆ మాట చదవలేదని నేను అనను. చదివాను, రెండుసార్లు. ముప్ఫై ఏళ్ళ పనిలో నిండిన చెత్తబుట్టను మూలన వదిలి ఇంటికి వచ్చిన రోజు ఒక్కటి లేదు. పారబోసేదాకా నా లెక్కలో అది శుభ్రం కాదు. అవును అని నొక్కాను.

పసుపు పట్టీ పోయింది. నా అంతట నేనే చేసుకున్నానని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఎర్రది నొక్కి నలభై నిమిషాలు ఆపకుండా బకెట్టు, మాపు కర్ర వాయించాను.

మూడింటికి కోడలు షాపులో చెప్పి ముందే వచ్చింది. టీ గ్లాసు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. కాసేపటికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇక్కడ ఏమన్నా నొక్కారా?"

"చోటు లేదంటే శుభ్రం చేశాను. బకెట్టు చాలా బాగా వచ్చింది, విను."

"ఏం శుభ్రం చేశారు?"

"వాడుకలో లేనివి."

"చెత్తబుట్టలో ఉంటాయిలెండి" అంటూ వెతికింది. టీ మీద మీగడ కట్టింది.

"బుట్ట కూడా పారబోశాను" అన్నాను నేనే.

కోడలు నావైపు తిరగలేదు. పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాం ఇంకోటి దింపింది. అది గంటసేపు డిస్కంతా గాలించింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. చివరికి అది పది ముక్కలు బయటికి తీసింది. కోడలు ఒక్కోటి నొక్కింది. బకెట్టు. బకెట్టు. మాపు కర్ర. మళ్ళీ బకెట్టు.

"ఖాళీ అయిన చోట మీరు నలభై నిమిషాలు రికార్డు చేశారు అత్తయ్యా. దాని మీద ఇది రాసుకుపోయింది."

"షాపులో పెన్‌డ్రైవ్ మీద వేశావు కదా?"

"ఇవాళ వేద్దామనుకున్నాను." తల పట్టుకుంది. "సోమవారమే వేయాల్సింది. ట్రాకుల మీదినుంచి తీసినట్టు మీకు చెప్పనూ లేదు. మీరు కాదు, నన్నే అనాలి."

"నువ్వు పక్కన పెట్టావు. పారబోసింది నేను."

ఆస్పత్రిలో చూడనిచ్చే వేళ ఐదు నుంచి ఆరు. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను. వదిన దిండుకు ఆనుకుని కూర్చుంది. పరీక్ష వల్ల గొంతు వాచింది, తెల్లారేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదని నర్సు మంచానికి అట్ట కట్టింది. ఒళ్ళో నోటుపుస్తకం, పెన్సిల్. నన్ను చూడగానే రాసి తిప్పి చూపించింది.

"అంతా భద్రమేనా?"

పెద్ద అక్షరాలు. నాకు అట్టల మీద నేర్పినప్పుడు రాసినట్టే.

చెబితే ఈవిడ ఊరుకోదు. ఆ వాచిన గొంతుతోనే ఇప్పుడే, ఈ మంచం మీదే పాడతానంటుంది. ఊపిరాడకపోతే ఏం గతి? అందుకే చెప్పలేదు. ఆ కారణం నిజమే. కానీ అదొక్కటే కారణమంటే అబద్ధం అవుతుంది. నాకు భయం వేసింది. తలూపాను.

వదిన కళ్ళు మూసుకుని, వేళ్ళతో పుస్తకం మీద మెల్లగా దరువు వేసింది. అది మా మెట్ల పాట దరువు.

బయటికి వచ్చి ఎటు నడుస్తున్నానో చూసుకోలేదు. "ప్రయాణికులకు మనవి" అని వినబడితే తలెత్తాను. బస్‌స్టాండు. పన్నెండేళ్ళ కిందటి వదిన, గరుకు లేకుండా, నిండుగా. ఫోను తీసి స్పీకరు కింద చెయ్యెత్తి నిలబడ్డాను. ఒకటో నంబరు, నాలుగో నంబరు, ఇరవై నిమిషాలు, చింతిస్తున్నాము. అరగంట రికార్డు చేశాను. ఒక కండక్టరు ఆగి, "ఏ బస్సు కోసం పెద్దమ్మా?" అన్నాడు. ఏ బస్సూ కాదన్నాను.

ఇంట్లో ఫోను కోడలి చేతిలో పెట్టాను. "మాటలు ముక్కలు చేసి అతికించొచ్చన్నావు కదా. ఇందులో 'పై' ఉంది, 'మెట్టు' లేదు కానీ ఏదో ఒకటి చెయ్యి."

కోడలు కొద్దిగా విని ఆపేసింది. "ఇది పెద్దత్తయ్య గొంతే, కానీ పెద్దత్తయ్యది కాదు. సంతకం పెట్టి ఇచ్చేసింది. ఇది కలిపితే మన పాట మనం ఎవరికీ ఇవ్వలేం. కంపెనీ వాడు దాన్ని కూడా నాదేనంటాడు. ఏ గొంతునుంచి తప్పించుకోవాలని ఆవిడ పాడిందో ఆ గొంతే తెచ్చి పెడతారా?"

ఫోను వెనక్కి తీసుకున్నాను. వదిన ఇంకా పదమూడు గంటలు మాట ఉన్న మనిషి. ఆ మాట వాడుకునే వీలు ఆవిడకూ లేదు, నాకూ లేదు.

"పట్టుకెళ్ళినవాడు పట్టుకెళ్ళే ఉంటాడు అంది కదా" అన్నాను ఉన్నట్టుండి.

"ఎవరు?"

"సోమవారం పెట్టినప్పుడు. ఎవరన్నా తీసుకున్నారా?"

కోడలు నిటారుగా కూర్చుంది. పేజీలో ఇప్పుడేమీ లేదు. కానీ తీసేసేముందు ఇద్దరు దింపుకున్నట్టు చూపించిందట. ఒకరు తనే, సరిగా వస్తోందో లేదో షాపు కంప్యూటర్లో చూసింది. ఆ కంప్యూటర్లో ఏది పెట్టినా షాపు మూసేటప్పుడు తుడిచేస్తారు. రెండోవారు ఎవరో తెలియదు. పాట కింద ఎవరో ఒక మాట రాస్తే ఆ సంగతి తన మెయిల్‌కి వచ్చింది. వెతికి చూపించింది. "గుండుసూది" అన్న పేరుతో ఒకే ఒక్క మాట: "వింటున్నాను."

"గుండుసూది ఏం పేరే?"

"అలాగే పెట్టుకుంటారు అత్తయ్యా."

"విన్నాడు సరే, దింపుకున్నాడా?"

"తెలియదు."

ఆ పేజీ ద్వారా గుండుసూదికి ఉత్తరం పంపొచ్చంది కోడలు. నేనే రాస్తానన్నాను. తప్పు నాది. కోడలు కీబోర్డు చూపిస్తుంటే ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. "అయ్యా లేక అమ్మా, సోమవారం మీరు విన్న మెట్ల పాట మా వదిన పాడింది. రేపు పొద్దున ఆవిడ గొంతు తీసేస్తారు. మా దగ్గర ఉన్నది నేను పారబోశాను. మీ దగ్గర ఉంటే మాకు ఒక కాపీ పంపండి. ఉన్నా లేకపోయినా జవాబు రాయండి." చివరి వాక్యం కోడలు తీసేద్దామంది. వద్దన్నాను.

ఆ రోజు జవాబు రాలేదు.

గురువారం ఎనిమిదింటికి వదినను లోపలికి తోసుకెళ్ళారు. తలుపు దగ్గర చక్రాల మంచం ఒక్క క్షణం ఆగింది. నర్సు చెప్పినట్టు నోరు విప్పకుండా నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది. ఆవిడ పాట ఆఖరుసారి విన్నది మంగళవారమేనని నాకప్పుడు తెలిసింది.

నేనూ కోడలూ వసారాలో బల్ల మీద కూర్చున్నాం. కోడలు ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తొమ్మిదయింది. తుడిచే మనిషి వచ్చి కాళ్ళు ఎత్తమంది. మురికి నీళ్ళు మార్చకుండానే తుడుస్తోంది. ఇంకెప్పుడైనా అయితే చెప్పేదాన్ని. పదిన్నరకి ఒక డాక్టరు బయటికి వచ్చి, మమ్మల్ని దాటుకుని వెళ్ళి, కాగితం తీసుకుని మళ్ళీ లోపలికి పోయాడు.

పదకొండు కావస్తుండగా కోడలు నా మోచెయ్యి పట్టుకుంది. ఫోను నా చేతిలో పెట్టింది. నేనే చదివాను.

"అమ్మా, నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మెట్ల పాట అని కనబడితే, మా పొట్ట కొట్టే పాటేదో చూద్దామని నవ్వుకుంటూ తీసుకున్నాను. ఇప్పటికి ముప్ఫైసార్లు విన్నాను. మరుసటి రోజు పేజీలో లేకపోతే నేనేమన్నా తప్పు చేశానా అనుకున్నాను. ఫైలు నా దగ్గర అలాగే ఉంది, పంపుతున్నాను. దానికి లిఫ్టు మోటారు చప్పుడు కలిపి నేనొకటి కట్టాను, అది కూడా పంపుతున్నాను. లైసెన్సులో ఉన్నట్టే ఆవిడ పేరు ముందు పెట్టాను. ఒక్క చరణమే ఉంది. మిగతావి ఉంటే వినాలని ఉంది."

కోడలు ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో, ఒకటి తన చెవిలో పెట్టింది. ముందు బకెట్టు చప్పుడు. ఆ తర్వాత: "పెట్టావా? ఎర్రది వెలిగిందా? ఆ బకెట్టు కదిలించకే తల్లీ." ఒక్క ఊపిరి తీసుకోవడం. పైమెట్టు కడిగితే.

అవతల తలుపు వెనక వాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసు. చరణం అయిపోయేదాకా ఇద్దరం ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. తర్వాత కోడలు ఆ ఫైలును నాలుగుచోట్ల కాపీ చేసింది.

శనివారం వదినను వార్డులోకి మార్చారు. మెడకు కట్టు, మధ్యలో ఊపిరికి గొట్టం. కోడలు అవతల నిలబడి చూస్తుండగా మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాను. చోటు లేదంటే శుభ్రం చేసిన సంగతి, రెండుసార్లు చదివి కూడా నొక్కిన సంగతి, బుధవారం తలూపిన సంగతి. లిఫ్టు మనిషి సంగతి, మిగిలింది ఒక్క చరణమేనన్న సంగతి.

వదిన నోటుపుస్తకం మూసేసి గోడవైపు తిరిగింది.

మూడు రోజులు నాకు ఒక్క అక్షరం రాయలేదు. నీళ్ళు కావాలన్నా, దిండు సర్దాలన్నా కోడలికే రాసేది. నేను ఒంగి చదవబోతే పుస్తకం గుండెకు ఆనించుకునేది. ఒకసారి నా ముందే రాసి కోడలికి చూపించింది. కోడలు చెప్పకూడదనుకుంది కానీ నేను చదివేశాను. "తలూపడానికి దీనికి ఎలా మనసొప్పింది?" అని ఉంది. పాట పోయినందుకు కాదు, ఆ తలూపినందుకు. ఇంటికి వెళ్ళి గిన్నెలన్నీ రెండోసారి తోమాను.

నాలుగో రోజు కోడలు లిఫ్టు మనిషి కట్టిన పాట వినిపించింది. వదిన మొదట వద్దన్నట్టు చెయ్యి తిప్పింది, తర్వాత ఇయర్‌ఫోను తీసుకుంది. ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డాను. మోటారు పైకి లేస్తుంది, చరణం నడుస్తుంది, చివరి మాట దగ్గర మోటారు ఆగిపోయి గొంతు ఒక్కటే మిగులుతుంది. అది నాకూ తెలుసు, అప్పటికి ఎన్నోసార్లు విన్నాను. ఆవిడ మూడుసార్లు విన్నది. పెన్సిల్ తీసి కోడలికి రాసింది: "ఆ చివర బాగా ఆపాడు. లిఫ్టు ఎక్కడ ఆపాలో తెలిసినవాడు."

ఆ తర్వాత పేజీ తిప్పి చాలాసేపు రాసింది. రాసింది నాకు ఇచ్చింది.

"మిగతా రెండు చరణాలు నువ్వు పాడు. పారబోసింది నువ్వేగా."

"నాకు పాట రాదు వదినా. నా గొంతు నీ గొంతు పక్కన పెడితే జనం నవ్వుతారు."

పుస్తకం లాక్కుని రాసింది. "నవ్వనీ. నచ్చనివాడు తీసేసి తను పాడుకుంటాడు. అందుకేగా లైసెన్సు."

"నీ కోపం తగ్గిందా?"

"లేదు" అని రాసి, దాని కింద గీత గీసింది.

ఇంటికి వచ్చిన నెలకి, డాక్టరు మెట్లెక్కొచ్చు అన్నాక, మళ్ళీ ఆ మలుపు దగ్గరికి వెళ్ళాం. వదిన మెడకు గుడ్డ చుట్టుకుని ఐదో అంతస్తు మెట్టు మీద కూర్చుంది. నాలుగు అంతస్తులు ఎక్కడానికి అరగంట పట్టింది. కోడలు ఆ రోజు షాపుకు సెలవు పెట్టి వచ్చింది. మొదటి చరణం తెర మీద పరచి ఉంది, వదిన పేరుతో. ఈసారి ప్రతి ముక్కకూ పేరు నేనే కొట్టాను. పెన్‌డ్రైవ్ నా రవిక లోపల ఉంది.

పదకొండయింది. నీళ్ళ మోటారు ఆగింది. పదాలన్నీ వచ్చు, ఏళ్ళ తరబడి వింటున్నవే, అయినా మొదటి మాట ఎక్కడుందో దొరకడంలేదు. నీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను. కోడలు, "ఎప్పుడు కావాలంటే అప్పుడే అత్తయ్యా, తొందరేం లేదు" అంది. ఎవరో కింద తలుపు వేశారు. ఆ చప్పుడు ఆరంతస్తులూ ఎక్కి సద్దుమణిగేదాకా ఆగాం.

వదిన చేతి ఉంగరంతో రెయిలింగు మీద దరువు మొదలుపెట్టింది. రెండు చుట్లు కొట్టి ఆపి, ఒళ్ళోని పుస్తకంలో రాసి నావైపు తిప్పింది.

"ఎర్రది వెలిగిందా?"

చూశాను. "వెలిగింది వదినా" అన్నాను. బకెట్టును కాలితో పక్కకు జరపబోయి, మళ్ళీ ఉన్నచోటే వదిలేశాను. ఆవిడ ఉంగరం మళ్ళీ మోగింది.